మా వీధి శ్రీనులు, మా ఇంటి పాము

హారికా, పుట్టబోయే నీ కొడుక్కి ఇంకెవరికీ లేని పేరు ఒకటి చెప్పమని అడిగావు. నీ తమ్ముడు కూడా పక్కనుంచి "చెప్పు నానమ్మా, నువ్వయితే బాగా పెడతావు" అన్నాడు. చెబుతాను. ముందు మాత్రం నేను ముచ్చటపడి పెట్టిన ఒకే ఒక్క పేరు, ఐదుగురు పసివాళ్ళని తీసుకెళ్ళి నాగుపాము ముందు నిలబెట్టిన సంగతి వినండి. విన్నాక కూడా నన్నే అడిగితే మీ ధైర్యానికి దణ్ణం.

అప్పట్లో పేరు వింటే మనిషి ఎటువైపువాడో తెలిసిపోయేది. అప్పలరాజంటే విశాఖవైపు, కోటేశ్వరరావంటే కోటప్పకొండ మొక్కు. మన దివిసీమ చుట్టుపక్కల, పాము రూపంలో వెలిసిన మోపిదేవి స్వామికి మొక్కుకుని కన్నవాళ్ళంతా నాగేశ్వరరావులూ, నాగరాజులూ. మీ నాన్న కూడా ఆ మొక్కు పిల్లాడే. కానీ కంకిపాడులో కాపురానికొచ్చిన నేను కొత్త కాలం మనిషినని నా నమ్మకం.

"నాగేశ్వర్రావని పెట్టు" అన్నారు మా అత్తగారు.

"మరీ పాత పేరు అత్తయ్యా. శ్రీనివాస్ అయితే ఫ్యాషన్‌గా ఉంటుందండీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "పెట్టుకో. ఏదో ఒకరోజు ఆ నాగయ్యే గుమ్మంలోకొచ్చి నా పేరేదే అని అడుగుతాడు. అప్పుడు చెప్పుకో నీ ఫ్యాషను."

నేను నవ్వాను. ఆ రాత్రి మాత్రం దీపం పెద్దది చేసుకుని పడుకున్నాను.

ఇక్కడొక విషయం మీరు గమనించాలి. ఆ ఫ్యాషను మా వీధిలో నాకొక్కదానికే తెలుసని నా గర్వం. తీరా మీ నాన్నకి ఐదేళ్ళొచ్చేసరికి మా అరుగు ముందు గోళీలాడే పిల్లలు ఐదుగురు. ఐదుగురూ శ్రీనులే! ఏ తల్లి "శ్రీనూ" అని కేకేసినా, తినడానికేదో ఉంటుందని ఐదుగురూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

అవి నాట్ల రోజులు. కాలవలకి నీళ్ళొదిలారు. పొలంలో కన్నాలు మునిగితే వాటిలో ఉండేవి పొడినేల వెతుక్కుంటూ ఊళ్ళోకొస్తాయి. నేను చేగోడీలు వేయించి, డబ్బా కోసం ముందుగదిలోకి వెళ్ళాను. బియ్యం బస్తా పక్కన ఏదో కదిలింది. కదిలి, లేచి, పడగ విప్పింది. అత్తగారి విసనకర్రంత పడగ! నేను మంచం మీదకి ఎలా వెళ్ళానో ఇప్పటికీ తెలీదు, నడిచిన గుర్తు లేదు. అది నన్నే చూస్తోంది. "నా పేరేదే" అని అడుగుతున్నట్టే చూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చాడు మీ నాన్న. చేగోడీల వాసనకి ఏ క్షణాన్నయినా లోపలికొస్తాడు. "శ్రీనూ, లోపలికి రాకు, పాముంది" అని అరవాలనుకున్నాను. కానీ బయటికొచ్చింది ఒక్క ముక్కే.

"శ్రీనూ!"

ఐదుగురూ వచ్చేశారు. ఉత్తకాళ్ళతో, గుమ్మం దాటి, పాముకి బారెడు దూరంలోకి. ఎండలోంచి వచ్చారేమో, బస్తా నీడలో అది వాళ్ళకి కనబడలేదు.

"అత్తా, చేగోడీలా?"

"శ్రీనూ, బయటికి పో!"

"నిన్నేరా పొమ్మంటోంది."

"నన్ను కాదు, నిన్నే. మా అమ్మ నన్నెందుకు పొమ్మంటుంది?" అన్నాడు మీ నాన్న.

"శ్రీనూ, కదలకురా!"

"ఎవర్నత్తా? పొట్టోణ్ణా?"

పేరు పెట్టింది పిలవడానికి కదా! ఎంత పిలిచినా అది ఒక్కడికీ తగలడం లేదు. పాము అనే మాట నోట్లోంచి రాదు. వేలితో బస్తా వైపు చూపించాను. అందులో చేగోడీలున్నాయనుకుని మీ నాన్న అటే ఓ అడుగేశాడు. పాము బుస్సుమంది. పిల్లలు కొయ్యబారిపోయారు.

గుమ్మంలో మా అత్తగారు. దొడ్లోంచి వచ్చినట్టున్నారు, చేతికి పేడ. పాముని చూశారు, పిల్లల్ని చూశారు. గొంతు పెంచలేదు.

"వీరయ్యా, వెనక్కి రా నాన్నా. మెల్లగా."

ఒక శ్రీను వెనక్కి జరిగాడు.

"కోటయ్యా, ఇప్పుడు నువ్వు. అంకయ్యా, నువ్వూ. పుల్లయ్యా, రా తండ్రీ."

అవి వాళ్ళ తాతల పేర్లు. ఇళ్ళల్లో నాయనమ్మలు వాళ్ళని అలాగే పిలిచేవారట, తల్లులెన్ని శ్రీనులు పెట్టుకున్నా. ఒక్కొక్కడే బయటపడ్డాడు. చివరికి పాము ముందు మీ నాన్న ఒక్కడే మిగిలాడు.

"నాగన్నా, రారా."

వాడు వెనక్కి నడిచి నాయనమ్మ చీర పట్టుకున్నాడు. ఆ పేరు విన్నందుకో, గదిలో సందడి తగ్గినందుకో పాము పడగ దించి, తూములోంచి దొడ్లోకి జారిపోయింది.

"పేరు పిలవగానే ఎలా వెళ్ళాడో చూశావా?" అన్నారు అత్తగారు. నేను మంచం దిగకుండానే దణ్ణం పెట్టాను.

ఆ ఆదివారమే మోపిదేవి వెళ్ళి, స్వామి ఎదుట ముందొక 'నాగ' తగిలించి నాగశ్రీనివాస్ అని మార్చేశాను. స్వామికి పేరు దక్కింది. పైగా ఇక వీధిలో నాగశ్రీను నా కొడుకొక్కడే. సాయంత్రం ఇంటికొచ్చి అరుగు మీద నిలబడి దర్జాగా పిలిచాను.

"నాగశ్రీనూ, అన్నానికి రా!"

ఐదుగురూ వచ్చేశారు.

నాకంటే ముందు బస్సుకే ఆ నలుగురు తల్లులూ మోపిదేవి వెళ్ళొచ్చారట. "పాము మీ ఇంటికొస్తే వచ్చింది గానీ, మా పిల్లల మొహాలు కూడా చూసేసిందిగా వదినా!" అన్నారు.

అందుకని హారికా, కాలవ నీళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకో పిల్లాడికి పేరు పెట్టను. ఆపదొస్తే ముందు పాము పేరు అరిచి, ఆ తరవాతే మనిషి పేరెత్తుతాను. నీ పిల్లాడికి నీకు నచ్చిన పేరే పెట్టుకో. ముందొక 'నాగ' మాత్రం తగిలించు తల్లీ.

మా పుణెలో, నాలుగో అంతస్తులో పాములెక్కడివి నానమ్మా అంటావు. మా వీధిలో ఇంకో శ్రీను ఎక్కడున్నాడని నేనూ అన్నాను.