పై అర అందని చెయ్యి

మా ఆయన చెప్పుల షాపులో పనిచేస్తాడు. లోపలికి వెళ్ళగానే నేల నుంచి పైకప్పు దాకా డబ్బాల గోడ ఉంటుంది చూడండి, అదే ఆయన రాజ్యం. చిన్న సైజులు కింద, పెద్దవి పైన. ఎవరొచ్చినా కాళ్ళు చూసి డబ్బా లాగేస్తాడు, సైజు అడగడు. నన్ను మొదటిసారి చూసినప్పుడు కూడా మొహం కన్నా ముందు కాళ్ళే చూశాడు మహానుభావుడు!

అలాంటి మనిషికి కుడిభుజం పట్టేసింది. చెయ్యి కిందుంటే ఏమీ లేదు. తల దాటి ఎత్తాడా, ప్రాణం గిలగిల్లాడేది. నాకు చెప్తేగా!

షాపులో ఏం చేశాడో తెలుసా? పెద్ద సైజులన్నీ మెల్లమెల్లగా కింది అరల్లోకి దించేసి, చిన్నవాటిని వాటి వెనక్కి తోసేశాడు. ఎవరికీ చెప్పలేదు. తనకి గుర్తుంది కదా, చాలనుకున్నాడు. ఆయన సెలవు పెట్టిన రోజు ఓనరే డబ్బాలు తీయాల్సొచ్చింది. గోడంతా వెతికి చెమటలు కక్కాడు. వచ్చినవాళ్ళు విసుగెత్తి ఎదురు షాపుకి వెళ్ళిపోయారు.

మర్నాడు ఓనరు ఒకటే కేకలు. "ఏంటన్నా ఇది? గోడ ఎప్పట్లా సర్దు. చెయ్యి లేవదంటావా, గోడౌన్లో కూర్చుని సరుకు చూసుకో. ఇక్కడికి వేరేవాణ్ణి పెట్టుకుంటా."

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద ఎత్తలేదు.

"గోడౌన్లో మనుషులుండరే," అన్నాడు. "డబ్బాలే ఉంటాయి."

మా ఆడపడుచు వాళ్ళన్నని వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమీ తెగలేదు. కీలుని పట్టి ఉంచే చిన్న కండలు నీరసపడ్డాయి, వాటికి బలం రావాలి," అని ఓ రబ్బరు బెల్టు ఇచ్చింది. తలుపు గడియకి కట్టి, మోచెయ్యి ఒంటికి ఆనించి, మెల్లగా బయటికి లాగాలట. నొప్పి పెరిగితే ఆపెయ్యాలట.

ఈయన వింటాడా? "రబ్బరు ముక్కతో బలం వస్తుందా?" అని నిండు నీళ్ళ క్యాను తలపైకి ఎత్తాడు. ఇక రెండ్రోజులు చెయ్యి కదిలితే ఒట్టు.

"ఏం పహిల్వానూ, తువ్వాలైనా ఎత్తగలవా అన్నయ్యా?" అంది మా ఆడపడుచు.

అప్పుడు దారికొచ్చాడు. పొద్దున్నే బెల్టు లాగుడు. సాయంత్రం గోడకి తువ్వాలు ఆనించి అరచేత్తో పైకి జరుపుడు. నేను ఆ తలుపులోంచి రాబోతే, "ఆగవే, భుజం పనిలో ఉంది," అనేవాడు.

షాపులో కూడా అంతే. మూసేముందు కాసిని డబ్బాలు పైకి పెట్టేవాడు. ముందు నడుమెత్తు అర, నొప్పి లేదంటే ఛాతీ ఎత్తు అర. రబ్బరు చెప్పులు తేలిక గనక ముందు అవి, బూట్లు ఆఖర్న. నెలలు పట్టింది. ఓనరు గొణుగుతూనే ఓపిక పట్టాడు. మనిషి మంచోడే, నోరే పెద్దది.

మొన్న నా చెప్పు తెగితే షాపుకెళ్ళాను. అప్పుడే తాటిచెట్టంత మనిషొకడు లోపలికొచ్చాడు. మా ఆయన అతని కాళ్ళు చూశాడు, పై అర చూశాడు. ఓనరు గల్లాపెట్టె దగ్గర లేచి నిలబడ్డాడు.

కుడిచెయ్యి మెల్లగా లేచింది. వేళ్ళు డబ్బా అంచుని పట్టాయి. డబ్బా కిందికొచ్చింది. మొహం చిట్లించలేదు.

బూట్లు అతికినట్టు సరిపోయాయి.

"అన్నా, ఆ ఖాళీలో ఇంకోటి పెట్టు," అన్నాడు ఓనరు కూర్చుంటూ. "పైనే!"

"ఇంకెక్కడ పెడతాను సార్?" అన్నాడు మా ఆయన.

బెల్టు మాత్రం తలుపుకి ఇంకా వేలాడుతూనే ఉంది. విప్పితే ఊరుకోనన్నాను.