తెల్లచీర జాడ

నాకు భయం వేస్తే ముందు కోపం వస్తుంది. మా ఇంట్లో అందరికీ ఇది తెలుసు. అందుకే ఆ క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం వంటింట్లో అమ్మ కనబడకపోయేసరికి నేను మొదట చేసిన పని, ఖాళీ ఇంట్లో నిలబడి ఆవిణ్ణి తిట్టడం.

మేముండేది మిషిగన్‌లో, నోవై అనే ఊరు దాటి ఇంకో గంట డ్రైవ్ చేస్తే వచ్చే పల్లెలో. పల్లె అంటే మన పల్లెలా వీధులూ అరుగులూ ఏం ఉండవు. అన్నీ పొలాలే, ఎక్కడో ఒక ఇల్లు. మావారికి నేల పిచ్చి, అందుకే ఇక్కడ కొన్నారు. మాకున్న ఒకే ఒక్క పక్కిల్లు వంటింటి కిటికీలోంచి చెయ్యి చాస్తే అందేలా కనబడుతుంది కానీ, రోడ్డు మీద పోతే చాలా చుట్టు. అందులో ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. మేం వచ్చి రెండేళ్ళయినా, కార్లలోంచి ఒకరికొకరు చెయ్యూపుకోవడమే మా పరిచయం. ఆయన ఫోన్ నంబరు కూడా నా దగ్గర లేదు.

అమ్మ డిసెంబరు మొదట్లో గుంటూరు నుంచి వచ్చింది. ఆ ఏడు మంచు ముందే పడింది, ఆవిడ కారు దిగేసరికే అంతా తెల్లగా ఉంది. మావైపు పండగ పిండివంటలు ముందు ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళాలి, తర్వాతే మన నోట్లోకి. పొద్దుట్నుంచి కజ్జికాయలు వత్తుతూ పక్కింటికి పెట్టొద్దామని నా ప్రాణం తీసింది. రాత్రి ఆరాధనకు చర్చి హాల్లో కుర్చీలు సర్దడానికి మావారు నోవై వెళ్ళారు, వచ్చాక కార్‌లో దిగబెడతారులే అన్నాను.

"కనపడతానే ఉందిగా, దానికి కారెందుకే?" అంది.

నేను బట్టలు ఇస్త్రీ చేసుకోవడానికి బేస్‌మెంట్‌లోకి దిగాను.

పైకి వచ్చి చూస్తే కజ్జికాయల స్టీలు డబ్బా లేదు. గుమ్మం దగ్గర మావారి స్నో బూట్లు లేవు. అమ్మకు కొన్న చలికోటు మాత్రం కొక్కేనికే వేలాడుతోంది, అమ్మ దాన్ని గోనెసంచి అనేది. బయట మళ్ళీ మంచు మొదలైంది. పండగ కదా అని ఆవిడ పొద్దున్నే తెల్లచీర కట్టుకుంది, పైన వేసుకునే శాలువా కూడా తెలుపే. నేలా తెలుపే, ఆకాశమూ తెలుపే. అందులో తెల్లచీర కట్టుకున్న మనిషిని ఎక్కడని వెతకను?

పెరటి తలుపు తీస్తే అడుగులు కనిపించాయి. మావారి బూట్ల అడుగులు, వాటి పక్కనే చీపురుతో ఊడ్చినట్టు ఒక గీత. చీర కుచ్చెళ్ళు మంచు మీద ఈడ్చుకుపోయిన గీత అది. రోడ్డు వైపు కాదు, నేరుగా పొలంలోకి వెళ్ళింది. "నీ మొండితనం తగలెయ్య" అనుకుంటూ ఆ గీత పట్టుకుని బయల్దేరాను. ఇంకా కోపంగానే ఉన్నాను. కంచె దాటాక, ఆ గీత ఎటు పోతోందో కనబడ్డాక, నా నోరు పడిపోయింది.

మా పొలానికీ ఆయన పొలానికీ మధ్య ఒక చెరువుంది. చలికాలంలో అది చెరువులా ఉండదు, చుట్టూ ఉన్న నేలలాగే చదునుగా తెల్లగా ఉంటుంది. ఇల్లు అమ్మినాయన మరీ మరీ చెప్పాడు, జనవరి చివరిదాకా దాని మీద కాలు పెట్టొద్దని. ఒక మూల అడుగున ఊట ఉంది, అక్కడ ఐసు ఎప్పుడూ సరిగా గట్టిపడదు, పైన మంచు కప్పుకుంటే అసలు తెలియదు అన్నాడు. ఇదంతా మాకు తెలుసు. అమ్మకెవరు చెప్పారు? పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నీళ్ళంటే నీళ్ళలా కనబడతాయనే ఆవిడకు తెలుసు.

అడుగులు చెరువులోకే దిగాయి. కొంతదూరం కనిపించాయి, తర్వాత పడుతున్న మంచులో కలిసిపోయాయి.

అమ్మా అని అరిచాను. మంచు పడేటప్పుడు మన గొంతు మనకే సరిగా వినబడదు. ఒక కాలు ముందుకు పెట్టి వెనక్కి తీసుకున్నాను. అమ్మ పిట్టంత మనిషి, నేను కాను. జేబులో ఫోన్ ఉన్నందుకు దేవుడికి వేల స్తోత్రాలు. అత్యవసర నంబరు 911కి చేసి ఏం చెప్పానో గుర్తులేదు. అవతలి అమ్మాయి మాత్రం నెమ్మదిగా ఒకటే మాట పదేపదే అంది, ఐసు మీదకు వెళ్ళకు, గట్టునే ఉండు.

గట్టునే ఉన్నాను కానీ నిలబడలేకపోయాను. చెరువు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఆ గీత అవతలి వైపు ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. వస్తే అమ్మ ఉన్నట్టు. రాకపోతే... ఆ తర్వాత ఆలోచన సాగలేదు. ఎండిన జమ్ముగడ్డి మోకాళ్ళ పైకి ఉంది. ఒకచోట అడుగులు కనబడి పరుగెత్తాను, జింకవి. ఇంకోచోట అవీ లేవు. ఊట ఉన్న మూలకు వచ్చేసరికి ఆ వైపు చూడ్డానికి ధైర్యం చాలక తల తిప్పుకుని దాటాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు, చిన్నప్పుడు జ్వరమొస్తే పిలిచినట్టు అమ్మనే పిలుస్తూ నడిచాను.

ఆ మూల దాటి నాలుగు బారలు వెళ్ళాక, గట్టెక్కుతూ చీపురు గీత కనిపించింది. సగం పూడిపోయింది కానీ అదే. మంచులో చతికిలబడి ఏడ్చాను.

పెద్దాయన వంటింట్లో అమ్మ ఆయన ఉన్ని సాక్సులు తొడుక్కుని, టీ కప్పు పట్టుకుని కూర్చుని ఉంది. డబ్బా మూత తీసి ఉంది. నేను ఒక్క మాట కూడా తిట్టలేకపోయాను. పెద్దాయన నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి ఇంగ్లీషులో చెప్పాడు. కిటికీలోంచి ఆవిణ్ణి చూశాడట. అప్పటికే చెరువు మధ్యలో ఉందట. అరిస్తే భయపడి అక్కడే ఆగిపోతుందేమోనని అరవలేదట. ఆవిడ గట్టెక్కేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డానన్నాడు. అంతలో ఫైర్ ఇంజన్ వచ్చింది. అమ్మ వాళ్ళకు కూడా కజ్జికాయలు పెట్టింది.

మావారు వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకొస్తుంటే కార్‌లో అమ్మ తనే చెప్పింది. "తలుపు తీసి నన్ను చూడగానే ఆ పెద్దాయనకు కళ్ళనీళ్ళు తిరిగాయే. పండగపూట ఎవరూ లేరు పాపం. కజ్జికాయలు చూసి ఏడ్చాడు."

చెరువు సంగతి ఆవిడకు చెప్పొద్దన్నారు మావారు. బీపీ మనిషి, భయపడుతుందని. నాకూ చెప్పాలనిపించలేదు. ఆ రాత్రి చర్చిలో అమ్మ గొంతెత్తి పాడుతుంటే నేను ఆవిడ చీర చెంగు పట్టుకుని నిలబడ్డాను, చిన్నపిల్లలా. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఏదో ఒకటి వండి పెద్దాయనకు పంపేది, మావారు కార్‌లో తీసుకెళ్ళి ఇచ్చేవారు. ఎవరూ లేని మనిషి అనేది.

మార్చిలో మంచు కరిగింది. ఒక పొద్దున అమ్మ కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడి నన్ను పిలిచింది. బయట ఎండ. చెరువు నిండా నీళ్ళు, మధ్యలో బాతులు ఈదుతున్నాయి.

"ఏమే, ఇక్కడ నీళ్ళెక్కడివి? నేను నడిచి వెళ్ళింది ఇటే కదే?"

అమ్మ నా మొహం చూసింది, చెరువు చూసింది, అవతలి గట్టున పెద్దాయన కిటికీ చూసింది. గ్లాసు కిందపెట్టింది.

"అయితే ఆయన ఏడ్చింది కజ్జికాయలు చూసి కాదన్నమాట," అంది.

అప్పుడు మొదలైంది ఆవిడకు వణుకు. కుర్చీ లాగి కూర్చోబెట్టాను.