జత అచ్చులు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, విజయవాడ నుంచి వస్తున్న మా బస్సును ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆపారు. మొదటి రాయికే ముందు అద్దం పగిలి డ్రైవర్ ముఖమంతా రక్తమైంది. నా పక్కన బందరు పెద్దాయన ఒకరు కూర్చున్నారు. ఓడలెక్కి పర్షియా పోయిన బందరు కలంకారీ గురించి, దాన్ని కట్టుకున్న గోల్కొండ నవాబుల గురించి దారంతా చెబుతూనే ఉన్నారు. సంచిలోని చెక్క అచ్చులు రెండూ చూపించారు. ఒకటి పువ్వుకు నల్ల గీత అద్దుతుంది, రెండోది లోపల ఎరుపు నింపుతుంది.

"పెద్దాయనా, ఇగ మాట్లాడకుండ్రి. మాట వింటే గుర్తువడ్తరు," అన్నాను.

ఆయన తలూపారు. కర్రలతో ఎక్కినవాళ్లు ఊరడిగితే ఇద్దరిదీ నల్లగొండేనన్నాను. వాళ్ల నినాదం నాదీ. నమ్మారు. అంతలో ఒకడు కిటికీ పగలగొట్టడానికి ఆ సంచిలోంచి ఎరుపు అచ్చు లాక్కున్నాడు.

"బాబూ, అది జతలోదండీ. తాతల నాటిది," అన్నారాయన.

"ఆంధ్రోడు," అంటూ వాడు అదే అచ్చుతో ఆయన నుదుటి మీద కొట్టాడు. అది రెండు ముక్కలయ్యేదాకా కొట్టాడు.

పోలీసుల లాఠీలకు వాళ్లు చెదిరిపోయాక ఆయన మొదట ఆ ముక్కలకంటిన రక్తం తుడిచారు, తర్వాతే నుదురు. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో కుట్లు వేయించాను. వెళ్తూ నల్ల గీత అచ్చు నా చేతిలో పెట్టారు.

"కొత్తది చెక్కించినా దీంతో కలవదండీ. మీరుంచుకోండి."

తెలంగాణ వచ్చిన రోజు మా గల్లీలో నేనూ గులాల్ రంగు చల్లాను. ఆ చేతులతో మాత్రం గూట్లో దాచిన ఆయన అచ్చును ముట్టుకోలేదు.