పక్క సైకిల్ మీది మనిషి

గుండెకు స్టెంటు వేసి ఇంటికి పంపిన కొన్ని వారాలకు, అమలాపురంలో వ్యాయామం చేయించే గదికి రమ్మన్నారు డాక్టరుగారు. అక్కడ గోడవైపు తిరిగి రెండు కదలని సైకిళ్ళు ఉండేవి. ఒకదాని మీద నేను, రాజోలు బడిలో లెక్కలు చెప్పే మాస్టారిని. రెండోదాని మీద అంతర్వేది నుంచి వచ్చే ఆయన. బోటు మీద చేపల వేటకు వెళ్ళే మనిషి. ఆయనకు గుండెపోటు నడిసముద్రంలో వచ్చింది. ఒడ్డుకు చేర్చేసరికి గుండె సగం దెబ్బతిన్నదట.

ఫిజియోథెరపీ అమ్మాయి గడియారం చూస్తూ చెప్పేది. ఒక నిమిషం గట్టిగా తొక్కాలి, తర్వాత కాసేపు మెల్లగా తొక్కుతూ ఊపిరి కూడదీసుకోవాలి, మళ్ళీ గట్టిగా. గట్టిగా అన్నప్పుడల్లా నాకు భయం వేసేది. ఛాతీలో ఏ చిన్న నొప్పి తగిలినా కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. ఆయన మాత్రం పళ్ళు బిగించి తొక్కేవారు. మెల్లగా అన్నా తగ్గేవారు కాదు.

"బాబాయిగారూ, ఇప్పుడు తగ్గించాలండి. గుండెకి ఆ విశ్రాంతి ఉండాలండి," అనేది ఆ అమ్మాయి.

"ఆయ్," అనేవారు. ఆమె అటు తిరగగానే మళ్ళీ వేగం అందుకునేవారు. దిగాక గోడ పట్టుకుని నిలబడేవారు. ఏమైందని అడిగితే, ఏం లేదండి అనేవారు.

ఎందుకంత తొందరని ఒకరోజు నేనే అడిగాను.

"వల లాగడం కూడా ఇంతేనండి మేష్టారూ. లాగినంతసేపూ ప్రాణం పోతున్నట్టుంటది, తర్వాత కాసేపు కూచుంటాం. ఇక్కడ తొక్కగలిగితే అక్కడా లాగగలనండి."

"డాక్టరుగారు సముద్రం మీదికి వెళ్ళొద్దన్నారు కదండీ?"

"అన్నారండి. మా ఆవిడ నీళ్ళబిందె కూడా ఎత్తనివ్వట్లేదు. రేవులోకెళ్తే వల ముట్టుకోనివ్వకుండా నాకు కుర్చీ వేస్తన్నారండి."

కుర్చీ మాట దగ్గర ఆయన ఇంకా గట్టిగా తొక్కారు.

సముద్రంలో చేపల వేట మీద ఏటా పెట్టే నిషేధం ముగిశాక ఆయన రావడం మానేశారు. ఫోన్ చేస్తే ఎవరూ తియ్యలేదు. ఒక ఆదివారం బస్సెక్కి అంతర్వేది వెళ్ళాను. ఇల్లు చూపించిన మనిషే దారిలో చెప్పాడు. వల లాగుతూ బోటులోనే కూలిపోయి ప్రాణం వదిలారట.

ఆయన భార్య నాకు చాప వేసి, మంచినీళ్ళు ఇచ్చింది. సైకిల్ గదిలో పరిచయమని చెప్పాను.

"మేమందరం వద్దన్నామండి. సైకిలు ఎంత తొక్కినా ఆయాసం రావట్లేదు, నయమైపోయిందని చెప్పేరు. బోటు ఓనరుగారిని కూడా అలాగే ఒప్పించేరండి," అంది. కొంచెం ఆగి అడిగింది. "అక్కడ నిజంగా ఆయాసం వచ్చేది కాదా అండీ?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"వచ్చేదమ్మా."

ఆమె తల ఊపింది.

"మీకు వస్తదా అండీ?"

"వస్తుందమ్మా."

"అయితే ఈ ఎండలో నడవకండి," అని లేచి, పక్కింటి ఆటో అతన్ని పిలిచింది.