పళ్ళతో విన్న ఇంజన్

మన్సియా పికప్‌లో ఇరవై బస్తాల ఆలివ్ కాయలున్నాయి. గానుగ దగ్గర ఆమె వంతు మధ్యాహ్నానికి. అది తప్పితే మరో వారం దాకా రాదు. ఈలోగా కాయలు బస్తాల్లోనే వేడెక్కి పులుస్తాయి, ఏడాది నూనె పోతుంది. పొద్దుటి నుంచీ స్టార్టర్ తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. మరిది జిలానీ బ్యాటరీ మార్చాడు, బండిని తోశాడు, చివరికి తిట్టాడు.

ఆమె ఊరి మెకానిక్ బెల్గాసెమ్‌కు కబురు పంపింది.

"చెవిటాయన్ని పిలిచావా వదినా? ఇంజన్ చప్పుడే వినపడదు కదా!"

"నీకు రెండు చెవులూ ఉన్నాయిగా, ఏం వినపడింది?"

బెల్గాసెమ్ చెవులను యౌవనంలోనే ఫాస్ఫేట్ గనుల పేలుళ్ళు తీసుకుపోయాయి. నాటి నుంచి పెదవులు చూసి మాటను, ఇనుమును తాకి యంత్రాన్ని తెలుసుకుంటున్నాడు. వచ్చి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, కొయ్యపిడి పళ్ళ మధ్య బిగించి, కళ్ళు మూసుకున్నాడు. తిప్పమని చేత్తో సైగ చేశాడు.

"ఊపిరికి లోటు లేదమ్మాయ్. తాగిందే బాగా లేదు."

పెట్రోలు గొట్టం విప్పి, ఒక చుక్క అరచేతిలో వేసుకుని ఊదాడు. పెట్రోలులా ఆరిపోలేదు. నాలుకకు తాకించాడు.

"పోయినేటి నూనె. మీ ఎగువ తోటది. ఆ చేదు దానిదే."

మన్సియాకు ముఖం చెల్లలేదు. దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చిన పెట్రోలూ, ఇంట్లో దాచుకున్న నూనే ఆ ఊళ్ళో అందరికీ ఒకే రకం పసుపు డబ్బాల్లో, ఒకే గదిలో ఉంటాయి. పొద్దున తొందరలో ట్యాంకులో ఏది వంపిందో ఆమె చూసుకోలేదు.

"నూనెలోకి కాస్త కుస్కుస్ రవ్వ కూడా వడ్డించాల్సింది వదినా!" అన్నాడు జిలానీ.

ట్యాంకు ఖాళీ చేసి, గొట్టాలు కడిగి, ప్లగ్గులు పొయ్యి మీద కాల్చి, కొత్త పెట్రోలు పోశారు. మూడోసారికి ఇంజన్ ఒక్కసారి వణికి, అందుకుంది.

బెల్గాసెమ్ స్క్రూడ్రైవర్ మొన మళ్ళీ ఇంజన్‌కు ఆనించి, పిడిని చొక్కాకు తుడిచి మన్సియాకు అందించాడు. ఆమె సంకోచిస్తూనే పళ్ళతో పట్టుకుంది. చెవులకు ఒకే మోతగా తోచేది కపాలంలో నాలుగు అడుగులుగా విడివడింది. ఒకదాని వెనుక ఒకటి. ఇరవై ఏళ్ళు తోలిన బండిని ఆమె ఇంతవరకూ వినలేదు. ఆయన లోకాన్ని నిశ్శబ్దమని ఎలా అనుకున్నారు తామంతా?

"బాబాయ్, ఒకటి కుంటుతోంది," అంది పిడి తీసి, పెదవులు ఆయనకు కనబడేలా.

"మూడో సిలిండర్. వినపడిందన్నమాట!" ఆయన నవ్వాడు. "గానుగ దాకా లాగుతుందిలే. పద."

ఎండ నడినెత్తికి రాకముందే పికప్ గానుగ ముందు ఆగింది.