హీటరు కలపని కారు

మా చిన్నప్పుడు... విశాఖలో కారు హీటరు మాటెత్తితే మెకానిక్కులే నవ్వేవారు. కంచరపాలెంలో మా నాన్న రేకుల షెడ్డుకు ఆ ఎర్ర కారు వచ్చినప్పుడు, నాన్నతో కలిసి పనిచేసే మామయ్య కూడా నవ్వాడు.

ఇంగ్లండులో తయారైన పాత స్పోర్ట్సు కారు అది. రెండే సీట్లు, గుడ్డ టాపు, నేలకు ఆనినంత ఎత్తు. ఒక కుర్ర డాక్టరుగారిది. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు... రోడ్డంతా కంకర లారీలే. వాటి మధ్య అది వస్తుంటే బొమ్మకారులా ఉండేది.

ఇంజనులో కాగిన నీళ్ళు రెండు రబ్బరు గొట్టాల్లోంచి కాళ్ళ దగ్గరున్న చిన్న పెట్టెలోకి వెళ్ళి తిరిగి వస్తాయి. ఆ పెట్టె మీంచి గాలి వీస్తే కారు లోపల వెచ్చబడుతుంది. అదే హీటరు. ఆ గొట్టాలు పగిలి నీళ్ళు కారుతున్నాయని డాక్టరుగారు కొత్తవి తెచ్చి ఇచ్చారు.

అవి తిన్నని గొట్టాలు. ఇంజను వెనక ఇరుకు వంపులో తిప్పేసరికి నలిగి మూసుకుపోయాయి. నాన్న నాలుగుసార్లు బిగించాడు... నాలుగుసార్లు విప్పాడు.

"ఇశాపట్నంలో ఈటరేటి బావా! ఉక్కకి సస్తన్నాం సాలదా?" అన్నాడు మామయ్య.

నాన్న కాసేపు చూసి, షెడ్డులో ఉన్న వేరే గొట్టం ముక్క కోసి, నీళ్ళు హీటరులోకి పోకుండా ఇంజనులోంచి ఇంజనులోకే తిరిగేలా కలిపేశాడు. చుక్క కారలేదు. కొత్త గొట్టాలు పక్కన పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చారు.

"గొట్టాలు మార్చావా సింహాచలం?"

"మార్సేసినాను బాబూ."

"హమ్మయ్య. రేపు అరకు వెళ్తున్నాం. స్టేషను పక్కనే గెస్టుహౌసు. పాపకి మూడో నెల కదా... హీటరుందన్న ధైర్యంతోనే మా ఆవిడ ఒప్పుకుంది."

నాన్న తాళంచెవి ఆయన చేతిలో పెట్టేశాడు. మామయ్య నేలచూపులు చూశాడు. కారు వెళ్ళిపోయింది.

అప్పుడు ధనుర్మాసం. ఆ సాయంత్రం నాన్న అన్నం కలిపాడే గానీ తినలేదు. అమ్మ అడిగి అడిగి సంగతి రాబట్టింది.

"సంటిపిల్ల గదేటి! కూకుండి ముద్దలు పిసికితే అయిపోద్దా? ఎల్లి సెప్పు!"

సైకిలు మీద మహారాణిపేటలో డాక్టరుగారింటికి వెళ్ళాడు. ఇంటికి తాళం. అప్పుడే ఎస్.కోటలో అత్తవారింటికి బయల్దేరారని, పొద్దున్నే అక్కడి నుంచి అరకు ఘాటురోడ్డు ఎక్కుతారని పక్కింటివాళ్ళు చెప్పారట.

తిరిగొచ్చి కొత్త గొట్టాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక కడ్డీకి ఇనుప తీగ చుట్టి స్ప్రింగు చేసి, గొట్టంలోకి దూర్చి వంచాడు. వంగింది... నలగలేదు.

"ఈ తెలివి పగలేటైపోనాది?" అంది అమ్మ. మళ్ళీ తనే అంది: "పిల్లని తోడు తీసుకెల్లు. ఎదర పిల్లుంటే డాట్రుబాబు నోరు సేసుకోడు."

అలా తొమ్మిదేళ్ళ నేను, గౌను మీద మామయ్య చొక్కా తొడుక్కుని, పొద్దున్నే వాల్తేరు స్టేషనులో అరకు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను.

నాన్న తువ్వాల్లో చుట్టిన గొట్టాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. సొరంగం వచ్చినప్పుడల్లా చలి లోపలికి కొట్టేది. ప్రతిసారీ, నేనెప్పుడూ చూడని ఆ పాప గుర్తొచ్చేది. పాప నీలంగా అయిపోయి ఉంటుందనీ, నాన్నని పోలీసులు పట్టుకుంటారనీ, నేనొక్కదాన్నే రైలెక్కి ఇంటికెలా వెళ్ళాలనీ... నా భయాలు నావి.

గెస్టుహౌసు ముందు ఎర్ర కారు ఉంది. వరండాలో డాక్టరుగారి భార్య ఒళ్ళో పాప, ఉన్నిటోపీ పెట్టుకుని కాళ్ళాడిస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

డాక్టరుగారు మమ్మల్ని చూసి నవ్వారు.

"సింహాచలం! నువ్వేంటి ఇక్కడ? నీ హీటరు బ్రహ్మాండమయ్యా! ఘాటెక్కినంతసేపూ కాళ్ళ దగ్గర వెచ్చగా ఉంది. హీటరు ఫ్యాను వేసే పనే లేకపోయింది."

నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వేరే పని మీద వచ్చామని చెప్పి వెళ్ళిపోవచ్చు. నేనైతే వెళ్ళిపోదామనే అనుకున్నాను.

"అది ఈటరు కాదు బాబూ... ఇంజను సెగ. ఘాటెక్కినప్పుడు తగుల్తాది. దిగినప్పుడు తగల్దు. ఈటరు నాను కలపనేదు. మీకు అబద్దమాడినాను."

డాక్టరుగారి నవ్వు పోయింది. "రేపు చీకటితోనే దిగుదామనుకున్నాను. ఆ మంచులో..." అని ఆగి భార్య వైపు చూశారు. ఆమె పాపను శాలువాలోకి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత, ఎదురుగా నేనున్నానని కూడా చూడకుండా తిట్టారు. అమ్మ లెక్క తప్పింది. నాన్న తల వంచుకుని తిట్లు అయ్యేదాకా నిలబడి, "బానెట్టు తియ్యమంతారా బాబూ" అన్నాడు.

రెండు గంటలు పట్టింది. ఇంజను వేడెక్కాక డాక్టరుగారు నన్ను సీట్లో కూర్చోబెట్టి మీట తిప్పారు.

"వత్తందేటి?" అన్నాడు నాన్న బయటి నుంచి.

"వత్తంది నాన్నా" అన్నాను. వేడిగాలి కాళ్ళకి తగులుతోంది.

డాక్టరుగారు నా మాట వినిపించుకోలేదు. వంగి, తనే చెయ్యి పెట్టి చూసుకున్నారు.

ఆ కారు మళ్ళీ మా షెడ్డుకు రాలేదు. "నోర్మూసుకుంటే సరిపోయేది కద బావా" అని మామయ్య చాలాకాలం దెప్పాడు. "మంచులో దిగినోడివి నువ్వేటి?" అనేవాడు నాన్న.

ఇప్పుడు నా కారు సర్వీసుకిస్తే అద్దాల అవతల ఎవరో పనిచేస్తారు. అయిపోయిందని ఫోనుకి మెసేజి వస్తుంది. ఆ మనిషి పొరపాటు చేసినా, వెతుక్కుంటూ రావడానికి నేనెవరో అతనికి తెలియదు... ఎదురుగా నిలబెట్టి తిట్టడానికి అతనెవరో నాకు తెలియదు.

మీ ఇంటి బండి బాగుచేసిన మనిషి పేరు మీలో ఎవరికైనా గుర్తుందా? ఉంటే, ఆ పేరు ఇక్కడ రాయండి...