స్టే పుట్

కోదాడ బడిలో ఇంగ్లీషు చెబుతాను కదా, "స్టే పుట్" అంటే ఉన్నచోటే కదలకుండా ఉండమని, రద్దీలో తప్పిపోతే పనికొస్తుందని మా ఆయనకూ నేర్పాను.

మొన్న మిర్యాలగూడ పెళ్లికి పోతూ సూర్యాపేట బస్టాండులో విడిపోయాం. ఫోన్ చేసి "స్టే పుట్!" అన్నాను.

"నువ్వు గూడ స్టే పుట్!" అని ఆయన పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్.

నేర్పినదాన్ని నేనే కదిలితే ఎట్లా? గంటసేపు నిలబడ్డాను. మా బస్సు నా కళ్లముందే వెళ్లిపోయింది.

చివరికి పక్కనున్న చెరుకురసం బండాయన విసుక్కున్నాడు. "అమ్మా, జర అటు జరుగు, గిరాకీ రావాలె."

జరిగితే, చెరుకు గడల కట్టల అవతల మా ఆయన!

"సూసినవా, ఇంచు గూడ కదల్లే," అన్నాడు గర్వంగా.

పెళ్లయ్యాక నా మాట విన్నది ఆ ఒక్కసారే.